కొండదారిలో సైకిలు

ఎత్తుబాట ఎదురైనపుడు సైకిలు దిగి, హ్యాండిలు పట్టుకొని, ముందుకు వంగి నెట్టుకొనుచు నడచిపోవు మనిషిని మనమందరము చూచియే యుందుము. ఆ మనిషి బలహీనుడు కాడు. పల్లమున అతడు వెనుక బియ్యపు బస్తా పెట్టుకొని అవలీలగా పోగలవాడే. అయినను, ఎత్తు మొదలైన చోట కాలు ఆడదు, పెడలు కదలదు, బండి నిలిచిపోవును. అపుడు తప్పెవరిది? కాలిదా, కొండదా, బండిదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మనుష్యులు దాదాపు నూరేండ్లు గడిపినారు. ఆ నూరేండ్ల కథలో పట్టుదల ఉన్నది, ప్రతిష్ఠ ఉన్నది, ఒక పెద్ద వివాదమున్నది. నేడు కొద్దిపాటి డబ్బుతో కొండదారులకు తగిన సైకిలు కొనదలచిన వారికి ఆ కథ కాలక్షేపము మాత్రమే కాదు; అంగడిలో ఏమి అడుగవలెనో, ఏమి చూడవలెనో నేర్పెడి పాఠము కూడ.

నేను విద్యార్థిగా విశాఖపట్టణములో ఉన్న రోజులలో నాకొక పాత సైకిలుండెడిది. సముద్రపుటొడ్డు నుండి వాల్తేరు మెట్టకు పోవు దారిలో ప్రతి సాయంకాలము దానిని సగము దూరము నెట్టుకొని పోవువాడను. ఒకనాడు విసిగి, మరమ్మతు చేయు ముసలాయన దగ్గరకు తీసికొనిపోయి, ఈ బండి పనికిరానిదని ఫిర్యాదు చేసితిని. ఆయన నవ్వి, "బండినేటికి తిడతారు బాబూ? బండి మంచిదే. పళ్ళు సరిపోలేదు. వెనక ఫ్రీవీలు పెద్దది ఏయించుకోండి" అన్నాడు. వెనుక నున్న 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 పళ్ళది వేసినాడు. మరునాటి నుండి ఆ ఎత్తులో నాలుగవ వంతు మాత్రమే నడచితిని. నేను పుస్తకములలో తరువాత చదివినదంతయు ఆ ముసలాయన చెప్పిన రెండు మాటలకు వ్యాఖ్యానమే.

ఆ మాటల అర్థము తెలియవలెనన్న, సైకిలు పుట్టుక కొంత జ్ఞాపకము చేసికొనవలెను. 1817లో జర్మను దేశపు మాన్‌హైము నగరములో కార్ల్ ఫాన్ డ్రాయిస్ రెండు చక్రముల బండిని నడిపినాడు. దానికి పెడళ్ళు లేవు. నేలను కాళ్ళతో తన్నుకొనుచు పోవలెను. 1860ల నాటికి పారిసు నగరములో ముందు చక్రపు ఇరుసుకే పెడళ్ళు తగిలించినారు. ఇందువలన ఒక చిక్కు వచ్చినది. పెడలు ఒక చుట్టు తిరిగిన, చక్రము కూడ ఒక్క చుట్టే తిరుగును. వేగముగా పోవలెనన్న చక్రమును పెంచుట తప్ప మరొక మార్గము లేదు. పెంచి పెంచి ముందు చక్రమును మనిషి యెత్తు చేసినారు. వెనుక చిన్న చక్రము. పాత బొమ్మలలో కనుపించు ఆ విచిత్రమైన బండి పుట్టుటకు కారణము విలాసము కాదు, గణితము. ఎవని కాలు ఎంత పొడవో వాని చక్రము అంత పెద్దది. 54 అంగుళముల చక్రము ఎక్కువాడు, 50 అంగుళముల చక్రము ఎక్కువానికంటె పొడగరియని అర్థము.

1885లో ఇంగ్లండులోని కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు రోవర్ అను పేరుతో ఒక సైకిలు చేసినాడు. దాని రెండు చక్రములును ఇంచుమించు సమానము. పెడళ్ళు నడుమ నున్నవి. చైను ద్వారా వెనుక చక్రము తిరుగును. మన యిండ్ల ముందు నిలిచి యున్న సైకిలు దాని సంతతియే. 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చినాడు. ఈ రెండును కలియుటతో సైకిలు సాహసికుల ఆట వస్తువు కాక, ఇంటి వస్తువైనది.

చైను వచ్చుటతో చక్రపు పరిమాణమునకును కాలి పొడవునకును ఉన్న సంబంధము తెగినది. ముందు పెడళ్ళ దగ్గర నున్న చైను చక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగిన, వెనుక చక్రము 44ను 18తో భాగించగా వచ్చినన్ని, అనగా దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. చక్రము 28 అంగుళములది. రెంటిని గుణించిన 68 వచ్చును. అనగా ఈ సైకిలు, 68 అంగుళముల చక్రమున్న పాత ఎత్తు బండితో సమానము. అంత పెద్ద చక్రమును ఎక్కగల కాళ్ళు ఎవరికిని లేకున్నను, చైను మహిమ వలన అందరును ఎక్కగలిగినారు. ఇంగ్లీషు వారు నేటికిని సైకిలు గేరును ఇట్లు అంగుళములలో చెప్పుట ఆ పాత చక్రముల జ్ఞాపకమే. ముసలాయన నా బండికి 22 పళ్ళ ఫ్రీవీలు వేసినపుడు 68 అంగుళములు 56 అయినవి. అంతే ఆయన చేసిన మహత్యము.

ఇక కొండ సంగతి. మనిషియు బండియు కలిసి 80 కిలోల బరువనుకొందము. బాట నూరడుగులకు ఎనిమిదడుగుల చొప్పున ఎత్తు పెరుగుచున్నదనుకొందము. ఆ బాట మనలను ఆరు కిలోలకు కొంచెము పైబడిన బరువుతో వెనుకకు లాగుచుండును. ఇది పెద్ద బరువు కాదు. కాని 68 అంగుళముల గేరులో, కాలు మీటరు దూరము తిరుగులోపల బండి ఐదు మీటర్లకు పైగా పోవలెను. కావున కాలి మీద పడు బరువు ఐదు రెట్లై, సగటున 33 కిలోలగును. గాలిని, రాపిడిని ఇంకను లెక్కింపనే లేదు. ప్రతి చుట్టునకు ఇంత బరువును త్రొక్కుచు మైళ్ళకొలది పోగలవారెవరు? అదే 27 అంగుళముల గేరైనచో బండి రెండు మీటర్లకు కొంచెము పైగా మాత్రమే పోవును. కాలి మీద 13 కిలోల బరువు పడును. పోవలసిన ఎత్తు తగ్గలేదు. చేయవలసిన పని తగ్గలేదు. ఆ పనినే చిన్న చిన్న ముద్దలుగా చేసికొని తినుచున్నామన్నమాట. గేరు చేయునది ఇంతే. అది బలము నీయదు. ఉన్న బలమును ఓపికగా ఖర్చు పెట్టుకొననిచ్చును.

ఇంత తేలికైన సంగతిని లోకము ఒప్పుకొనుటకు ఏండ్లు పట్టినది. ఒప్పించిన వారిలో మొదట చెప్పదగిన పేరు పాల్ ద వివీ. ఈయన 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అను ఊరిలో పుట్టినాడు. పట్టు వర్తకుడు. సైకిలు మీద మోజు కలిగి ఆ వర్తకమును విడిచి, 1887లో సాంతేతియెన్ నగరములో సైకిళ్ళ అంగడి తెరచి, ఆ యేటనే సైకిలు విషయములకై ఒక పత్రికను స్థాపించినాడు. అందులో 'వెలోసియో' అను కలము పేరుతో వ్రాసెడివాడు. లోకమునకు ఆ పేరే నిలిచినది.

సాంతేతియెన్ బొగ్గు గనులకును, తుపాకులకును, రిబ్బనులకును పేరు పడిన ఊరు. చుట్టును కొండలు. ఊరి నుండి దక్షిణముగా పోవు దారి 1161 మీటర్ల ఎత్తుననున్న రిపబ్లిక్ కనుమను దాటి పోవును. ఒకనాడు వెలోసియో ఆ కనుమను ఆపసోపములు పడుచు ఎక్కుచుండగా, నోట పైపు పెట్టుకొని తాపీగా ఒక యువకుడు ఆయనను దాటి పోయినాడని చెప్పుదురు. ఆ యువకుని వలె మరింత వేగముగా త్రొక్కవలెనన్న, బల్లపరుపు నేల మీద పనికివచ్చు పెద్ద గేరును విడువవలెను. దానిని విడిచిన నేల మీద మందగింపు. అట్లైన రెండును ఒకే బండిలో ఏల ఉండరాదు? ఈ ఆలోచన ఆయనను పట్టుకొని జీవితాంతము విడువలేదు.

మొదట ముందు రెండు చైను చక్రములు పెట్టి, కొండ వచ్చినపుడు దిగి, చేతితో చైనును ఒకదాని నుండి మరొకదానికి మార్చుకొనెడివాడు. తరువాత ఒకే బండికి రెండు చైనులు బిగించి చూచినాడు. ఇతరులు చేసిన యంత్రములను తెప్పించి, కొండల మీద నడిపి, మంచిచెడ్డలు తన పత్రికలో నిర్మొగమాటముగా వ్రాసినాడు. కూర్చుండి సిద్ధాంతములు చెప్పువాడు కాడు. ఏబది అరువది యేండ్ల వయస్సులో కూడ రాత్రియంతయు సైకిలు మీద పోయి తెల్లవారుసరికి వేరొక సీమలో ఉండెడివాడు. శాకాహారి. పొగాకు ముట్టడు. ఆకలి వేయకముందే తినవలెననియు, దాహము కాకముందే త్రాగవలెననియు, డాబు కొరకు ఎన్నడును త్రొక్కరాదనియు శిష్యులకు చెప్పెడివాడు. ఈ కడపటి సూత్రములోనే ఆయన సిద్ధాంతమంతయు ఉన్నది. కొండ నెక్కుట ఎవరికో చూపించుటకు కాదు. ఆవలి లోయను చూచుటకు.

1902లో ఫ్రాన్సు దేశపు యాత్రికుల సంఘమొకటి పిరెనీ పర్వతములలో సైకిళ్ళకు పరీక్ష ఏర్పాటు చేసినది. 2115 మీటర్ల ఎత్తుననున్న తూర్మలే కనుమను దాటవలెను. ఆ పరీక్షలో మార్త్ ఎస్ అను యువతి మూడు గేర్లున్న సాంతేతియెన్ బండి మీద పాల్గొని చూచిన వారి మెప్పు పొందినది. ఆ దినములలో స్త్రీలు సైకిలెక్కుటయే చర్చనీయాంశము. అట్టిచో పర్వతమును ఎక్కుట! గేరు మహిమ ఏమిటో ఇంతకన్న స్పష్టముగా చూపించుట కష్టము.

కాని చూపించిన మాత్రమున అందరును నమ్మరు. నమ్మని వారిలో ముఖ్యుడు ఆంరీ దెగ్రాంజ్. ఈయనయు సామాన్యుడు కాడు. 1893లో పారిసులోని ఒక పందెపు బాట మీద ఒక గంటలో 35 కిలోమీటర్లకు పైగా పోయి, గంట పందెములో మొట్టమొదటి రికార్డు స్థాపించిన వాడు. పిమ్మట ఒక క్రీడా పత్రికకు సంపాదకుడై, 1903లో టూర్ ద ఫ్రాన్స్ అను మహా పందెమును ప్రారంభించినాడు. ఆ మొదటి సంవత్సరముననే పందెగాండ్రు రిపబ్లిక్ కనుమను దాటినారు. వెలోసియో దినదినము ఎక్కి దిగు కొండ మీదుగానే ఆయన సిద్ధాంతమునకు విరుద్ధమైన సైకిళ్ళు పోయినవి!

దెగ్రాంజ్ అభిప్రాయమేమనగా, గేర్లు వయస్సు మళ్ళిన వారికి కావలెనేమోగాని వీరునికి అక్కరలేదు. కండబలముతో గెలుచుటయే గెలుపు, యంత్రపు సాయము గెలుపు కాదు. ఈ మాటలో మన మనస్సును లాగునట్టిది కొంత ఉన్నది. కష్టమునకు లోకము గౌరవమిచ్చును. కాని ఆయన తన కీర్తి నార్జించిన బాట బల్లపరుపుగా నుండినదని మరువరాదు. బల్లపరుపు నేల మీద నేర్చిన న్యాయమును ఆయన పర్వతములకు వర్తింపజేసినాడు.

1910లో పందెము పిరెనీ పర్వతములలో ప్రవేశించినది. ఒకే దినమున 326 కిలోమీటర్లు. దారిలో తూర్మలే మొదలైన మహా కనుమలు. అవి నేటి తారు రోడ్లు కావు, రాళ్ళ బాటలు. ఆ దినము గెలిచిన ఆక్టేవ్ లపీజ్ అంతటి వీరుడును తూర్మలేపై కొంత దూరము సైకిలు నెట్టుకొని నడచినాడు. దిగకుండ ఎక్కినవాడు గుస్తావ్ గరిగూ. ఆయనకు నూరు ఫ్రాంకుల బహుమానము దక్కినది. తరువాతి కనుమ మీద లపీజ్ పందెపు అధికారులను చూచి, హంతకులని నిందించినాడు. ఆ నింద చరిత్రలో నిలిచిపోయినది. ఫ్రాన్సు దేశపు మహావీరుడు కూడ మన ఊరి ఎత్తుబాటలో బస్తాతో నడచిపోవు మనిషి చేసిన పనియే చేసినాడు. కాలి బలమునకు మితి కలదని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

మరుసటి సంవత్సరము ఆల్ప్స్ పర్వతములలోని గాలిబియే కనుమను కూడ పందెములో చేర్చినారు. పందెగాండ్రకు అనుమతింపబడిన సాయము ఒక్కటే: వెనుక చక్రమునకు రెండు ప్రక్కల రెండు పళ్ళచక్రములు. కొండ అడుగున దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొనిన చిన్న గేరు దొరకును. శిఖరము మీద మరల దిగి, మరల త్రిప్పుకొనవలెను. వానలో, మంచులో, మొద్దుబారిన వ్రేళ్ళతో ఈ పని చేయవలెను. ఇటలీ దేశములో తుల్లియో కంపాన్యోలో అను యువకుడు 1920లలో ఒక మంచు కొండ మీద చక్రపు మరను విప్పలేక పందెము పోగొట్టుకొన్నాడనియు, ఆ దుఃఖమే ఆయనను కొత్త యంత్రములు కనిపెట్టించినదనియు ఒక కథ కలదు. కథ ఎట్లున్నను, ఒక్క మీట త్రిప్పగానే చక్రమును వదలించు ఇరుసు ఆయన పేర నిలిచినది. 1933లో విచెంజాలో ఆయన కర్మాగారము స్థాపించినాడు.

ఈలోగా ఫ్రాన్సులో సాధారణ యాత్రికుల కొరకు చైనును ఒక పళ్ళచక్రము నుండి మరొకదానికి నెట్టు యంత్రములు పలు రకములు వచ్చినవి. 1928లో దిజాన్ నగరములో లూసియాన్ జ్వీ అనునతడు చేసిన సింప్లెక్స్ యంత్రము వానిలో పేరు పొందినది. వారాంతములో కొండలకు విహారము పోవు గుమాస్తా గేర్లు మార్చుకొని కూర్చుండియే పోవుచుండగా, దేశములోకెల్ల గొప్ప పందెగాడు దారి ప్రక్కన దిగి చక్రము త్రిప్పుకొనుచుండుట ఆ రోజుల వింత. వెలోసియో 1930లో సాంతేతియెన్ వీథిలో ట్రాము తగిలి మరణించినాడు. తన వాదము పందెములో నెగ్గుట ఆయన చూడలేదు. దెగ్రాంజ్ తప్పుకొనిన తరువాత 1937లో మాత్రమే టూర్ పందెములో గేర్లు మార్చు యంత్రమును అనుమతించినారు. ఆ యేడు గెలిచిన రొజే లపెబీ దానిని వాడినవాడే. రిపబ్లిక్ కనుమ మీద మాత్రము నేడు వెలోసియో స్మారక చిహ్నమున్నది.

ఇంగ్లండు వారు వేరొక దారి త్రొక్కినారు. 20వ శతాబ్ది తొలి యేండ్లలో నాటింగ్‌హామ్ నగరమున స్టర్మీ ఆర్చర్ కంపెనీ వెనుక చక్రపు హబ్బులోనే మూడు గేర్లను ఇమిడ్చినది. బురద తగలదు, వాన తగలదు, చైను కదలదు. తరువాతి కాలములో విస్తారముగా వాడిన హబ్బులో పెద్ద గేరు నడిమి దానికంటె మూడవ వంతు ఎక్కువ. చిన్న గేరు నాలుగవ వంతు తక్కువ. పట్టణపు చిన్న ఎత్తులకు ఇది మేలైనది. నిజమైన కొండలకు చాలదు.

మన దేశమున ఈ వివాదము ఏనాడును వేడెక్కలేదు. స్వాతంత్ర్యము తరువాత మద్రాసు దగ్గరి అంబత్తూరులోను, లూధియానాలోను పెద్ద సైకిలు కర్మాగారములు వెలసినవి. అవి చేసినవి అధికముగా ఇంగ్లీషు పద్ధతి బరువైన బండ్లు, ఒకే గేరు. దీనిని వెనుకబాటని అనుట న్యాయము కాదు. గోదావరి డెల్టాలో కాలువ గట్టు మీద పాలబిందెలతో పోవు మనిషికి కొండ ఎక్కడ? ఏ ఊరి మొగలోనైనను మరమ్మతు చేయగల బండి అతనికి కావలెను. ఒకే గేరు, మందపు చైను, ఊడని ఇరుసు. అది అతని నేలకు తగిన బండి. ప్రతి బండియు ఏదో ఒక నేలను మనస్సులో ఉంచుకొని చేసినదే. ఆ నేలను మార్చి బండిని మార్చకపోవుటలోనే కష్టమంతయు ఉన్నది. డెల్టా బండితో అనంతగిరి ఘాటు ఎక్కబోయిన, తప్పు డెల్టాది కాదు, ఘాటుదీ కాదు.

ఇదే పొరపాటు మరొక రూపమున నేటి రోడ్డు సైకిలు కొనువారికి కూడ ఎదురగుచున్నది. 1937 తరువాత గేరు యంత్రములు పందెగాండ్ర చేతికి చిక్కినవి. వారు కొండలను గూడ వేగముగా ఎక్కువారు. వారికి సరిపోవు గేర్లనే కంపెనీలు ఆదర్శముగా పెట్టుకొన్నవి. 20వ శతాబ్ది ఉత్తరార్ధములో చాలకాలము రోడ్డు సైకిలు అనగా ముందు 52, 42 పళ్ళ చక్రములు, వెనుక పెద్దది 23 పళ్ళు. ఆ చక్రమునకు 27 అంగుళములు వ్యాసముగా లెక్కించిన, దాని మిక్కిలి చిన్న గేరు 49 అంగుళములు. అది లపీజ్ మనుమలకు చాలునేమో. పగలంతయు కుర్చీలో కూర్చుండి పనిచేసి ఆదివారము నాడు కొండ చూడబోవు మనకు చాలదు. ఈ విధముగా దెగ్రాంజ్ ఓడినను ఆయన భావము మాత్రము పళ్ళచక్రములలో దాగి బ్రతికినది.

దానిని తొలగించినవి జపాను కర్మాగారములు. 1964లో సన్‌టూర్ పేరుతో విక్రయించు మాయెదా కంపెనీ వారు చైనును నెట్టు చేయిని వాలుగా కదలునట్లు చేసినారు. ఆ చేయి పెద్ద పళ్ళచక్రము వైపు పోవుచు క్రిందికి కూడ దిగును. కావున చిన్నదైనను పెద్దదైనను పళ్ళకు సమీపముననే ఉండి, చైనును తడబడకుండ మార్చును. ఖరీదు తక్కువ, పని మిన్న. 1980ల నడుమ దాని పేటెంటు గడువు తీరగానే తక్కిన కంపెనీలు కూడ ఆ పద్ధతిని అవలంబించినవి. 1984లో షిమానో కంపెనీ, మీట నొక్కినపుడు టక్కుమని గేరు సరిగా కూర్చుండు పద్ధతిని తెచ్చినది. అంతకు ముందు చెవితో విని, చేతితో సరిచూచుకొనుచు మార్చవలసి వచ్చెడిది. ఆ కాలముననే అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో పుట్టిన మౌంటెన్ బైకు చాల చిన్న గేర్లను అలవాటు చేసినది. 21వ శతాబ్ది తొలి యేండ్లలో రోడ్డు సైకిళ్ళకు కూడ ముందు 50, 34 పళ్ళ చక్రములు వ్యాపించినవి. వెనుక 28, 32, 34 పళ్ళవి వచ్చినవి. ముందు 34, వెనుక 34 ఉన్నచో గేరు చక్రమంతయే, 27 అంగుళములు. వెలోసియో కోరినది ఖరీదైన బండ్లలోనే కాక చౌక బండ్లలోను దొరకుటకు ఇంతకాలము పట్టినది.

ఇక కొద్ది డబ్బుతో కొనువారు ఏమి చేయవలెను? ఈ చరిత్ర నుండి కొన్ని సూచనలు తీసికొనవచ్చును.

మొదటిది, గేర్ల సంఖ్యకు మోసపోరాదు. ఇరువదియొక్క గేర్లని అంగడివారు గొప్పగా చెప్పుదురు. వానిలో సగము ఒకదాని మీద ఒకటి పడి ఇంచుమించు సమానముగా నుండును. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ముందు చిన్న చక్రమునకు పళ్ళెన్ని, వెనుక పెద్ద చక్రమునకు పళ్ళెన్ని? ముందరి దానిని వెనుకటి దానితో భాగించి 27తో గుణించుకొనుడు. ఇంటి చుట్టు చిన్న ఎత్తులే యున్న 40 అంగుళములు చాలును. ఘాటు రోడ్డు ఎక్కదలచిన 30కి మించకుండుట మేలు. వయస్సు పైబడినవారు, సామాను మోయువారు 27, వీలైన అంతకన్న తక్కువ, చూచుకొనవలెను. 27 అంగుళముల గేరులో నిమిషమునకు అరువది చుట్లు త్రొక్కిన గంటకు ఎనిమిది కిలోమీటర్ల లోపు పోవుదుము. అది నడకకంటె వేగము. అదే వేగముతో 68 అంగుళముల బండిపై పోవలెనన్న నిమిషమునకు ఇరువదినాలుగు చుట్లే. ప్రతి చుట్టును మోకాలికి పరీక్షయే.

రెండవది, పాత పందెపు బండి తక్కువ ధరకు వచ్చినదని తొందరపడరాదు. అందమైన చట్రము, ప్రసిద్ధమైన పేరు ఉండవచ్చును. కాని ముందు 42 పళ్ళు, వెనుక 23 పళ్ళు ఉన్నచో మార్చుకొనుట కగు ఖర్చు కూడ ధరలో చేర్చుకొనవలెను. కొన్ని పాత క్రాంకులకు 42 కంటె అంతగా చిన్నది పట్టదు.

మూడవది, వెనుక చక్రమును పెద్దది చేయించుట తరచు అన్నిటికంటె చౌక మందు. చాల చౌక బండ్లలో 28 పళ్ళ ఫ్రీవీలుండును. దాని బదులు 34 పళ్ళది వేయించిన, ముందు 34 ఉన్నచోట 33 అంగుళములు 27 అగును. కాని చైనును నెట్టు చేయి అంత పెద్ద పళ్ళచక్రమును అందుకొనగలదో లేదో మెకానిక్కును ముందే అడుగవలెను. పొట్టి చేయి యున్నవి సాధారణముగా 28 పళ్ళ దగ్గర ఆగిపోవును. పొడుగు చేయి యున్నవి 32కో 34కో పోగలవు. చైను కూడ పొడిగింపవలసి రావచ్చును. కొనక ముందే అంగడివానితో ఈ మార్పు మాటలాడుకొనిన, పాత దాని ఖరీదు కొంత కలిసివచ్చును.

నాలుగవది, బరువు తగ్గించుటకు డబ్బు పోయవద్దు. 80 కిలోల మొత్తములో ఒక కిలో తగ్గిన, కొండ మీద శ్రమ నూటికి ఒకటింపాతిక వంతు తగ్గును. 49 అంగుళముల గేరు బదులు 27 అంగుళములది ఉన్నచో కాలి మీది బరువు నూటికి నలుబదియైదు వంతులు తగ్గును. ఏది ఖరీదు, ఏది చౌక అని వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదవది, ఎక్కినవాడు దిగవలెను. ఘాటు దిగునపుడు బ్రేకులే ప్రాణము. గేర్లు చూచిన కంటితోనే బ్రేకు దిమ్మలు, తీగలు, టైర్లు చూడుడు. కొలత సరిపడని బండి ఎంత మంచి గేర్లున్నను నడుమునకు శిక్షయే. పావుగంట ఎక్కి చూడనీయని అంగడిలో కొనకుండుట మంచిది.

ఒక సంగతి చెప్పి ముగింతును. ఇటీవల మా బంధువుల అబ్బాయి, ఉద్యోగములో చేరిన మొదటి యేడే, పొదుపు చేసికొనిన డబ్బుతో రోడ్డు సైకిలు కొనబోవుచు నన్ను తోడు పిలిచినాడు. అంగడిలో రెండు బండ్లు అతనికి నచ్చినవి. ఒకటి తేలికైనది, సన్నని టైర్లది, పందెపు గేర్లది. రెండవది రెండు కిలోలు బరువు, ధర కొంత తక్కువ. వెనుక 34 పళ్ళు. "బాబాయ్, ఇంత పెద్ద పళ్ళచక్రం చూస్తే నలుగురూ నవ్వుతారేమో. చేతకానివాడి బండి అంటారు" అన్నాడు. అతడు దెగ్రాంజ్ పేరు ఎన్నడును వినలేదు. అయినను నూట ఇరువది యేండ్ల నాటి ఆ వాదము ఆ పసివాని నోట అట్లే పలికినది! "నువ్వు నవ్వేవాళ్ళ ఎదుట తొక్కుతావా, కొండ మీద తొక్కుతావా?" అని మాత్రము అడిగితిని. అతడు కొంతసేపు ఆలోచించి రెండవది తీసికొన్నాడు.

నెల తరువాత ఒక ఆదివారము ఉదయము ఫోను చేసినాడు. ఘాటు పైనుండి మాటలాడుచున్నాడు. మూడు మారులు ఆగితిననియు, ఒక్క మారు కూడ దిగి నెట్టలేదనియు చెప్పినాడు. ఆగుటకు సిగ్గుపడవద్దంటిని. దిగి నెట్టుటకు కూడ సిగ్గుపడనక్కరలేదు, మహావీరులే నెట్టినారు. కాని తగిన పళ్ళు లేనందున నెట్టవలసి వచ్చుట వేరు, మనస్సు పుట్టి కొంత దూరము నడచుట వేరు. ఆ రెంటి నడుమ భేదమును కల్పించుటకే ఒక పట్టు వర్తకుడు తన జీవితమంతయు వెచ్చించినాడు. ఆ ముసలి మెకానిక్కు దానినే రెండు మాటలలో చెప్పినాడు: బండి మంచిదే, పళ్ళు సరిపోవలెను.